వేడిని తోడిపోసే బండి

రాత్రి పన్నెండు దాటాక ఎప్పుడైనా మీరు భీమవరం నుంచి తాడేపల్లిగూడెం రోడ్డు మీద ప్రయాణం చేశారా? చేసి ఉంటే ఆ బండ్లు మీకు తగిలే ఉంటాయి. తెల్లటి పెద్ద పెట్టె. డ్రైవరు కూర్చునే కేబిన్ నెత్తిన, ఆ పెట్టె ముందు గోడకి అతుక్కుని, ఇంకో చిన్న పెట్టె. బండి మన పక్కనించి దాటిపోయాక కూడా ఆ చిన్న పెట్టె హోరు కాసేపు చెవిలోనే ఉంటుంది. లోపలున్నవి రొయ్యలు. మన చెరువుల్లో పెరిగి, ఫ్యాక్టరీలో గడ్డకట్టి, అట్టపెట్టెల్లో సర్దుకుని విశాఖపట్నం రేవుకి పోతున్న రొయ్యలు. బయట చెమట కారే ఉక్క. లోపల సున్నాకి దిగువన 18 డిగ్రీల చలి. ఈ రెంటికీ మధ్య అడ్డం ఉన్నది మూడు నాలుగు అంగుళాల గోడ.

ఊళ్ళో వాళ్ళు వీటిని ఏసీ బండ్లంటారు. డ్రైవర్లు రీఫర్ అంటారు. ఆ చిన్న పెట్టెని యూనిట్ అంటారు. నేను ముప్ఫై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో ఆ యూనిట్లు విప్పి బిగించినవాణ్ణి. ఇవాళ చేతిలో రెంచి లేదు, ముందు మైకు ఉంది. అలవాటు లేని పని. కాస్త సర్దుకు వినండి.

రీఫర్ బండి పైపైన ఎలా చూసుకోవాలి, యూనిట్‌ని ఎలా శుభ్రం చేసుకోవాలి, ఇవాళ్టి మాటలు అంతే. మాకు బండి లేదుగా అని రేడియో కట్టెయ్యకండి. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే, నేను చెప్పేదాంట్లో సగం మీ ఫ్రిజ్ సంగతే.

ముందు ఒక్క మాట. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. ఆ యూనిట్ చలిని తయారుచెయ్యదు. మళ్ళీ చెబుతున్నాను, చలిని తయారుచెయ్యదు. పెట్టెలో ఉన్న వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తుంది. అంతే దాని పని. నమ్మకం లేకపోతే ఇంట్లో ఫ్రిజ్ వెనకో పక్కనో చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా తగులుతుంది. అది ఎక్కడి వేడి? మీరు పొద్దున లోపల పెట్టిన పాలగిన్నెది.

కొల్లేరు వాళ్ళకి ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. తాటి దోనె మీకు తెలుసు. దోనెకి చిల్లి పడి నీళ్ళు వస్తుంటే ఏం చేస్తాం? ఒకరు చిప్పతో నీళ్ళు తోడి బయట పోస్తారు. ఇంకొకరు చిల్లి మూస్తారు. రీఫర్ బండి కూడా ఆ దోనే. బయటి ఎండ లోపలికి కారుతూనే ఉంటుంది, గోడల్లోంచి, తలుపు సందుల్లోంచి, పైకప్పులోంచి. యూనిట్ దాన్ని తోడి బయట పోస్తూనే ఉంటుంది. యూనిట్ అంటే చిప్ప. బండి బాడీ అంటే దోనె. చిల్లి పెద్దదైతే ఎంత తోడినా మునుగుతాం. చిప్పకే చిల్లి ఉంటే అంతకంటే ముందే మునుగుతాం.

ఇప్పుడు చిప్ప సంగతి.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. ఏలూరు వైపు నుంచి ఒక ఓనరు బండి తోలుకొచ్చాడు. దిగుతూనే, "మేస్త్రీ, కూలింగ్ పట్టట్లేదు, గ్యాస్ కొట్టు" అన్నాడు. ఈ మాట నేను ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వందల సార్లు విన్నానో. కూలింగ్ పట్టట్లేదు, గ్యాస్ కొట్టు. తలనొప్పి వస్తే మాత్ర వేసుకున్నట్టు. నేను అడిగాను, "ఎప్పుడు పట్టట్లేదు బాబూ?" అని. "మధ్యాన్నం పూట ఆగిపోతోంది. రాత్రి బాగానే ఉంటోంది" అన్నాడు. "ఇంతకుముందు గ్యాస్ ఎప్పుడు కొట్టించావు?" "రెండు నెలల్లో మూడు సార్లు."

శ్రోతలారా, గ్యాస్ అంటే డీజిల్ కాదు, ఖర్చయిపోవడానికి. అది మూసిన గొట్టాల్లో తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ఎక్కడన్నా కీలు వదులై, సీలు అరిగి కారితే తప్ప తగ్గదు. తగ్గిందీ అంటే కారుతున్నట్టు. కారే చోటు వెతికి మూయించకుండా మళ్ళీ నింపడం అంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే. పైగా ఈ బండ్లలో ఎక్కువగా వాడే 404ఎ లాంటి గ్యాసు గాలిలో కలిస్తే, అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు నాలుగు వేల రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఓనరు జేబూ ఖాళీ, మన ఎండలూ ఎక్కువ.

ఆ బండిలో మరి గ్యాస్ తగ్గిందా? లేదు. ఎక్కువయింది. మూడు సార్లు నింపితే ఎక్కువ కాక ఏమవుతుంది? అసలు రోగం వేరే చోట ఉంది. నిచ్చెన వేసి యూనిట్ మూత తీశాం. ముందు భాగంలో సన్నటి అల్యూమినియం రేకులు దువ్వెన పళ్ళలా వరసగా ఉంటాయి. దాన్ని కండెన్సర్ కాయిల్ అంటారు. పెట్టెలోంచి మోసుకొచ్చిన వేడిని యూనిట్ పారబోసేది ఇక్కడే. ఫ్యాను బయటి గాలిని ఆ రేకుల సందుల్లోంచి లాగుతుంది, గాలి వేడిని ఎత్తుకుపోతుంది. మరి ఆ బండిలో సందులు ఎక్కడ ఉన్నాయి? దుమ్ము, వడ్ల పొట్టు, ఉసిళ్ళ రెక్కలు, అన్నీ కలిసి కంబళి నేసేశాయి. వరికోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ పొట్టంతా వెనకొచ్చే బండి కాయిల్లోకే. వాన పడిన రాత్రి ఉసిళ్ళు లైట్ల చుట్టూ మూగుతాయి కదా, అవీ అందులోకే.

రేకులు మూసుకుపోతే వేడి దిగడానికి దారి లేదు. దారి లేకపోతే గొట్టాల్లో పీడనం పెరుగుతుంది. పీడనం హద్దు దాటితే, యంత్రం పగలకుండా ఒక స్విచ్ దానంతటదే కట్టేస్తుంది. మధ్యాన్నం ఆగిపోవడం, రాత్రి బాగుండడం అందుకే. రాత్రి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి మూసుకుపోయిన రేకుల్లోంచి కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. పగలు 44 డిగ్రీల గాలితో నెట్టుకు రాలేదు. ఓనరు గ్యాస్ నింపేకొద్దీ పీడనం ఇంకా పెరిగింది. మందు వేసేకొద్దీ రోగం ముదిరినట్టు.

ఎక్కువైన గ్యాసుని సిలిండర్లోకి లాగేశాం. కాయిల్‌ని నీళ్ళతో కడిగాం. కింద పారిన నీళ్ళు వరదలో గోదారి రంగు. గంటకల్లా యూనిట్ మామూలయింది. నేను ఒక్క పార్టూ మార్చలేదు. ఆయన నమ్మలేదు. "పార్టు ఏదీ మార్చకపోతే డబ్బులెందుకు?" అని అడిగాడు కూడా. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

మరి ఎలా కడగాలి? ఇక్కడ నెమ్మదిగా వినండి, తొందరపడితే మంచి చెయ్యబోయి చెడగొడతారు.

మొదట యూనిట్ ఆపెయ్యండి. ఆపడం అంటే మీట నొక్కి దిగిపోవడం కాదు. కొన్ని యూనిట్లు వాటంతటవే ఆగి, వాటంతటవే మొదలవుతాయి. మీరు చెయ్యి పెట్టినప్పుడే ఫ్యాను తిరిగిందనుకోండి, వేళ్ళు మిగలవు. మెయిన్ కట్టెయ్యండి, కరెంటు ప్లగ్గు పెట్టి ఉంటే పీకెయ్యండి. యంత్రం చల్లారేదాకా ఆగండి. తరవాత మెత్తటి బ్రష్షుతో, రేకులు నిలువుగా ఉంటే నిలువుగానే, పొడిదుమ్ము దులపండి. అడ్డంగా రుద్దితే వంగుతాయి. ఆ పైన నీళ్ళు.

నీళ్ళు ఎటు నుంచి కొట్టాలి? గాలి బయటి నుంచి లోపలికి వెళుతుంది. మురికీ అటునుంచే వచ్చి ఇరుక్కుంది. కాబట్టి నీళ్ళు దానికి ఎదురు కొట్టాలి. లోపలి నుంచి, అంటే ఫ్యాను వైపు నుంచి, బయటికి. బయటి నుంచి కొడితే మురికి ఇంకా లోతుకి దిగి కూర్చుంటుంది. గొంతులో ఇరుక్కున్న చేపముల్లుని వేలితో లోపలికి తోసినట్టు. లోపలి నుంచి కొట్టడానికి వీలు లేని యూనిట్ అయితే, సన్నటి ధారతో, రేకులకి సూటిగా, మెల్లగా కొట్టండి.

మెల్లగా అన్నాను. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళకి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ దగ్గర ఆ ప్రెషరు గన్ను ఉంటుంది కదా, టైరుకి పట్టిన ఎండు బురదని కూడా చెక్కేస్తుంది. దాన్ని కాయిల్ మీదికి తిప్పకండి తమ్ముళ్ళూ. ఆ రేకులు మీ అమ్మ అప్పడం అంత మందం కూడా ఉండవు. ఒక్క క్షణంలో పడుకుండిపోతాయి. పడుకున్న రేకుల మధ్య గాలి పోదు. కడిగిన తరవాత కూలింగ్ తగ్గిందని వచ్చిన బండ్లు నేను చాలా చూశాను. అన్నిట్లో అదే కథ. వంగిన రేకుల్ని సరిచెయ్యడానికి ఒక దువ్వెన దొరుకుతుంది, పాపిడి తీసినట్టు తీసుకుంటూ పోవాలి. ఒక మనిషికి పూట పని. కంట్రోలు పెట్టె మీద, వైర్ల మీద కూడా నీళ్ళు కొట్టకండి.

ఏ నీళ్ళతో కడుగుతున్నామన్నదీ ముఖ్యమే. మన డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. నోట్లో పోసుకోలేని నీళ్ళు కాయిల్ మీద పోస్తాం. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. కొన్నాళ్ళకి రేకులు తెల్లటి పొడిలా రాలుతాయి. కాలవ నీళ్ళు, పంచాయతీ కుళాయి నీళ్ళు, ఏ మంచినీళ్ళైనా పట్టుకొచ్చి, చివరి కడుగు దాంతో కడగండి. సబ్బు కావాలంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కాస్త చాలు. యాసిడ్, కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వద్దు. రొయ్యల బండ్లలో లోపలి కడుగుడికి బ్లీచింగ్ పౌడరు వాడతారు. వాడితే వాడారు, మంచినీళ్ళతో పూర్తిగా కడిగెయ్యండి. మిగిలిన బ్లీచింగ్ లోపలి లోహాన్ని కూడా వదలదు.

ఇంకోటి. చెబితే కోపం వస్తుందేమో. దసరాకి ఆయుధ పూజ చేస్తాం. చెయ్యాలి. బండి అన్నం పెడుతోంది. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, ముందుభాగానికి బంతిపూల దండలు కడతాం. కేబిన్‌కి కట్టుకోండి, అద్దాలకి కట్టుకోండి. యూనిట్ జాలీ మీద మాత్రం కట్టకండి. ఒక బండికి యూనిట్ ముక్కు మీదే అరటి పిలక కట్టి, దాని చుట్టూ మూడు వరసల దండలు చుట్టారు. ఊపిరాడక మర్నాటికి ఆగిపోయింది. మూత తీస్తే కాయిల్ నిండా పసుపుపచ్చ రేకులు. అమ్మవారు అలంకారం అడిగింది గానీ ముక్కు మూయమనలేదు కదా.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ యంత్రం చేసిన మనిషి గురించి చెప్పకుండా వెళ్ళలేను.

అమెరికాలో ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ అని ఒక నల్లజాతి మెకానిక్. 1893లో పుట్టాడు. చిన్నప్పుడే దిక్కులేనివాడయ్యాడు, బడి చదువు పెద్దగా లేదు. గ్యారేజీల్లో ఊడ్చి, చూసి, విప్పి నేర్చుకున్నాడు. మినియాపొలిస్ నగరంలో జోసెఫ్ న్యూమెరో అనే వ్యాపారి దగ్గర పనిచేసేవాడు. ఆ వ్యాపారి స్నేహితుడొకడు లారీల యజమాని. ఎండలో అతని లారీలో కోడిమాంసం పాడైపోయిందనీ, ఆ బాధ విన్నాకే పని మొదలైందనీ చెబుతారు. 1938లో జోన్స్ లారీకి బిగించే శీతల యంత్రం తయారుచేశాడు. అంతకుముందు లారీలో ఐసు దిమ్మలే గతి. ఆ యంత్రం కోసం న్యూమెరో, జోన్స్ కలిసి పెట్టిన కంపెనీయే తరవాత థర్మో కింగ్ అయింది. మన రోడ్ల మీద తిరిగే చాలా యూనిట్ల మీద ఆ పేరు మీరు చదివే ఉంటారు.

నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి వేరే. మొదట్లో ఆ యంత్రాన్ని బండి కింద బిగించారు. రోడ్డు బురద, దుమ్ము, కుదుపులు దాని ప్రాణం తీశాయి. అప్పుడు జోన్స్ దాన్ని తేలిక చేసి, పైకి ఎత్తి, ముందు గోడకి బిగించాడు. ఇవాళ కేబిన్ నెత్తిన మనం చూసేది ఆ చోటే. అంటే ఈ యంత్రానికి పుట్టుకనుంచీ శత్రువు మురికే. జోన్స్ పేరున 60కి పైగా పేటెంట్లు ఉన్నాయి. 1961లో పోయాడు. ఆ దేశం తమ సాంకేతిక రంగపు జాతీయ పతకాన్ని ఆయనకి 1991లో ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆలస్యం. మెకానిక్‌లకి బిల్లు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది లెండి.

సరే, చిప్ప సంగతి అయింది. ఇక దోనె. అంటే బాడీ.

బాడీ గోడ చూడ్డానికి ఒక్క పలకలా ఉంటుంది గానీ, అది పూర్ణం పెట్టిన బూరెలాంటిది. బయట ఫైబరు పొర, లోపల ఫైబరు పొర, మధ్యలో పఫ్ అని మనం పిలిచే నురగ. ఆ నురగలో కంటికి కనపడని కోట్ల బుడగలు. వేడిని ఆపేది ఆ బుడగలే. వాటికి ఒకే ఒక్క గండం ఉంది, నీళ్ళు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది. నురగ తడిసిందంటే గోడ ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు.

ఒక బండి వచ్చింది. యూనిట్ కొత్తది, కాయిల్ శుభ్రం, గ్యాస్ సరిగ్గా ఉంది. ఎంతసేపు నడిచినా లోపల చలి నిలవదు. డ్రైవరు ఇంకో మాట అన్నాడు, "అన్నా, ఖాళీ బండి కూడా ఈ మధ్య బరువుగా లాగుతోంది" అని. ఆ మాట పట్టుకుని నేను పక్కగోడ మీద పిడికిలితో తట్టుకుంటూ పోయాను. తట్టినంతమేరా గట్టిగా మోగింది. ఒక మూల దగ్గరికి వచ్చేసరికి మోత మారింది. మెత్తగా, పండిన పనసకాయ మీద తట్టినట్టు. కోసి చూశాం. లోపల నురగ పెరుగులో నానిన గారెలా ఉంది. పిండితే నీళ్ళు కారుతున్నాయి.

ఎలా వచ్చాయి ఆ నీళ్ళు? పైన ఒక బోర్డు ఉంది. ఓనరుగారి ఇలవేల్పు బొమ్మ, కింద పిల్లల పేర్లు, చుట్టూ మెరిసే లైట్లు. దాన్ని బిగించడానికి ఆరు స్క్రూలు కొట్టారు. రెండు వానాకాలాలు గడిచాయి. ఆ ఆరు చిల్లుల్లోంచి చుక్క చుక్క దిగింది. స్క్రూల ఖరీదు ఇరవై రూపాయలుంటుందేమో. గోడ కోసి, నురగ తీసి, మళ్ళీ పోసి, అతికించిన ఖర్చు నేను ఇక్కడ చెప్పను, ఆయన వింటుంటే మళ్ళీ బాధపడతారు.

అందుకని, రీఫర్ బాడీకి చిల్లి పెట్టకండి. బోర్డుకైనా, లైటుకైనా, కొక్కేనికైనా పెట్టకండి. తప్పదంటే బాడీ కట్టినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, చిల్లి చుట్టూ సీలెంట్ పెట్టించుకోండి. చెట్టు కొమ్మ గీసినా, వెనక్కి తోలుతుంటే స్తంభం తగిలినా, పగులు గోరంతే కదా అని వదలకండి. ఆ రోజే తుడిచి, ఆరనిచ్చి, సీలెంట్‌తో మూసెయ్యండి. నీళ్ళు గోరంత దారి చాలనుకుంటాయి.

పైకప్పు ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. కింద నించుంటే కనపడదు కాబట్టి లేదనుకుంటాం. మన పల్లె రోడ్ల మీద నిద్రగన్నేరు కొమ్మలు గొడుగు పట్టినట్టు కిందికి వంగి ఉంటాయి. బండి వెళ్ళిన ప్రతిసారీ పైకప్పు ముందు మూలల్ని గీరుతాయి. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి, నిచ్చెన వేసుకుని చూడండి. పైకెక్కి నడవకండి, నిచ్చెన మీంచే చూడండి.

ఇక బండి తోమడం. పెట్టె తెల్లగా ఉండేది అందం కోసం కాదు. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. మట్టి పట్టి గోధుమరంగుకి వచ్చిన బండి, నల్లటి స్టిక్కర్లు ఒంటినిండా అంటించిన బండి ఎండని తాగుతాయి. తాగిన ఎండనంతా మళ్ళీ యూనిట్టే తోడాలి. వారానికోసారి మామూలు సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. కింద ఛాసిస్ కూడా కడగండి, రొయ్యల బండి అయితే ఉప్పు నీళ్ళు కారి ఇనుము తుప్పు పడుతుంది. మెరుపు కోసం డీజిల్ గుడ్డతో తుడవడం కొంతమందికి అలవాటు. ఆ రోజు మెరుస్తుంది, మర్నాడు ఊళ్ళో దుమ్మంతా అతుక్కుంటుంది. ఆ డీజిలు తలుపు రబ్బరుకి తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

తలుపు రబ్బరు దగ్గరికి వచ్చాం. దోనెకి అన్నిటికంటే పెద్ద చిల్లి ఇదే.

వెనక తలుపుల చుట్టూ రబ్బరు బీడింగ్ ఉంటుంది. అది చిరిగినా, గట్టిపడినా, నలిగినా, బయటి ఉక్క లోపలికి పోతుంది. ఉక్కతో పాటు తేమ పోతుంది. తేమ లోపల మంచవుతుంది. రబ్బరు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? కంటితో చూస్తే తెలియదు. జేబులోంచి ఒక నోటు తీయండి. తలుపు సందులో పెట్టి, తలుపు వేసి, నోటు లాగండి. బిగుతుగా, కష్టపడి వస్తే రబ్బరు బాగున్నట్టు. జారిపోయి చేతిలోకి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలాగే చూసుకుంటూ పోండి. మళ్ళీ చెబుతున్నాను, నోటు పెట్టి, తలుపు వేసి, లాగాలి. ఇంట్లో ఫ్రిజ్‌కి కూడా ఇదే పరీక్ష, ఇవాళే చెయ్యొచ్చు.

లోపల మనిషిని పెట్టి తలుపులేసి, వెలుతురు ఎక్కడ కనిపిస్తోందో చూడడం ఇంకో పద్ధతి. మంచి పద్ధతే. కానీ యూనిట్ ఆపి, లోపలి నుంచి తలుపు తెరిచే పిడి పనిచేస్తోందని ముందే చూసుకుని, బయట ఒక మనిషి తలుపు మీద చెయ్యి వేసి నించున్నాకే చెయ్యాలి. ఆ పిడి పనిచెయ్యని బండిని నేను లోడింగ్‌కి పంపనిచ్చేవాణ్ణి కాదు. ఎవరేమన్నా సరే. రబ్బరుని సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాక కాస్త గ్లిజరిన్ రాయండి, మెత్తగా ఉంటుంది. గ్రీజు రాయకండి.

తేమ మంచవుతుందన్నాను కదా. ఆ మంచు పేరుకునేది పెట్టె లోపలున్న రెండో కాయిల్ మీద. మంచు మందమైతే ఆ కాయిల్‌కి దుప్పటి కప్పినట్టే. అందుకే యూనిట్ మధ్యమధ్యలో ఆ కాయిల్‌ని తనే వేడిచేసి మంచు కరిగించుకుంటుంది. కరిగిన నీళ్ళు గొట్టాల్లోంచి బండి బయటికి కారతాయి. ఆ గొట్టం చివర్లు ఒకసారి వంగి చూడండి. బండి నెలరోజులు ఖాళీగా ఆగి ఉంటే మట్టి గూళ్ళు కట్టే కందిరీగలు అందులో కాపురం పెడతాయి. గొట్టం మూసుకుంటే నీళ్ళు లోపలే నిలిచి గడ్డకడతాయి. గొట్టం చివర నాలుకలా ఒక రబ్బరు ఉంటుంది, నీళ్ళు బయటికి పోతాయి, గాలి లోపలికి రాదు. అది ఊడిపోతే, "పోన్లే, నీళ్ళు ఇంకా బాగా పోతున్నాయి" అనుకోకండి.

డ్రైవర్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి ఉంది. సరుకు వెచ్చగా వచ్చిందనుకోండి, మీటరు ఇంకా కిందికి తిప్పుతారు, త్వరగా చల్లబడుతుందని. చల్లబడదు. చిప్ప ఒక్కటే, తోడే చెయ్యి ఒక్కటే. పాలో, కూరగాయలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాలో అయితే, అంత కిందికి తిప్పి మరిచిపోతే గడ్డకట్టి పాడవుతాయి. గడ్డకట్టిన టీకాల్లో కొన్ని ఇక పనే చెయ్యవు. ఈ యంత్రం సరుకుని చల్లబరచడానికి కాదు, చల్లబడిన సరుకుని అలాగే ఉంచడానికి. ఫ్యాక్టరీలో సరిగా చల్లబడని సరుకుని బండి మీదికి తోసి, రేవులో పెట్టె తెరిచాక డ్రైవరుని తిట్టడం నేను చూశాను. ఆ తిట్లు పడినవాడికి నోరు లేదు. అందుకే ఎక్కించేటప్పుడే సరుకు వేడి చూసుకుని రాసుకోండి తమ్ముళ్ళూ.

చూసే థర్మామీటరు నిజం చెబుతోందా? దానికీ ఒక తేలిక దారి ఉంది. గ్లాసు నిండా నలిపిన ఐసు వేసి, ఐసు మునిగేటట్టు కాసిని నీళ్ళు పోసి, బాగా కలిపి, థర్మామీటరు ముల్లు అందులో ఉంచండి. అయిదు నిమిషాలు ఆగండి. సున్నా చూపించాలి. రెండు చూపిస్తే అది ఎప్పుడూ రెండు ఎక్కువ చెబుతోందన్నమాట.

చిన్న బండ్లు నడిపేవాళ్ళకి ఒక మాట. ఐస్‌క్రీములు, పాలు తిప్పే ఆ చిన్న బండ్లలో చాలావాటికి యూనిట్‌కి వేరే ఇంజిను ఉండదు. బండి ఇంజిను బెల్టే దాన్ని తిప్పుతుంది. మీరు టీకి ఆగి ఇంజిను కట్టేస్తే తోడేవాడు కూడా టీకి వెళ్ళిపోయినట్టే. ఎక్కువసేపు ఆగాలంటే కరెంటు ప్లగ్గు ఉన్న చోట ఆపండి, లేదా నీడలో ఆపండి. ఆ బెల్టుని వారానికోసారి ఇంజిను ఆపి వేలితో నొక్కి చూడండి. పగుళ్ళున్నా, మెరుపు తేలినా మార్చెయ్యండి.

ఇన్ని చెప్పాను గానీ, చాలా రోగాలు చెవితోనే తెలుస్తాయి. రోజూ విన్న హోరులో ఏదో తేడా వస్తే, అది ఏమిటో చెప్పలేకపోయినా, డ్రైవరుకే ముందు తెలుస్తుంది. ఆ తేడాని మెకానిక్‌కి చెప్పండి. "గ్యాస్ కొట్టు" అనకండి. "నిన్నటిలా మోగట్లేదు" అనండి. మంచి మెకానిక్ అయితే రెంచి కింద పెట్టి ముందు మీ మాట వింటాడు.

నాకిచ్చిన టైము అయిపోయినట్టు అవతల అద్దంలోంచి సైగ చేస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మా షెడ్డులో ఒక క్లీనరు కుర్రాడు ఉండేవాడు. తలుపు పరీక్షకి నా దగ్గరే వంద నోటు తీసుకున్నాడు. చుట్టూ బాగానే చూశాడు, రబ్బరు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఎంత బ్రహ్మాండంగా అంటే, చివరి మూలలో నోటు లాగడం మరిచిపోయి బండిని పంపించేశాడు. నాలుగో రోజు విశాఖపట్నం నుంచి బండి తిరిగొచ్చాక తలుపు తీస్తే, ఆ వంద అక్కడే ఉంది. సగం బయట, సగం లోపల. బయటి సగం దుమ్ము కొట్టుకుపోయింది. లోపలి సగం చల్లగా, కొత్త నోటులా ఉంది.